కుంగిన బండి

మా మనవడు లారీ కొన్నాడు.

ఈ కబురు ఫోనులో విన్ననాడు మా ఆవిడ పొయ్యిమీద పులుసు సంగతి మరిచిపోయి అలాగే కూలబడింది. "చదువుకోరా నాయనా అంటే లారీ తోలుకుంటున్నాడా! ఆ అమెరికాలో పిల్లల్ని అడిగేవాళ్ళే లేరా?" అని నన్ను నిలదీసింది, అమెరికాను నేనే పరిపాలిస్తున్నట్టు. అది లారీ కాదనీ, ట్రక్కు అంటే అక్కడ ముందు ఇద్దరు కూర్చునే గదీ వెనక తొట్టీ ఉన్న చిన్న బండేననీ, మన ఊళ్ళో కూరగాయలు తోలే ట్రాలీకి పెద్దన్నగారి వంటిదనీ నేను విడమరిచి చెప్పేసరికి పులుసు కాస్తా అడుగంటింది.

పోయిన వేసవిలో మేమిద్దరం శాన్‌హోజేలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాం. అమ్మాయీ అల్లుడూ కాలిఫోర్నియాలో కాపురం పెట్టి పాతికేళ్ళు దాటింది. ఇంటిముందు కారు దిగగానే ఆ బండి కనిపించింది. షెవర్లే వారి ఎస్-10. ఆ రకం బండ్లు 1982 మోడలు నుంచి 2004 మోడలు దాకా తయారయ్యాయి. మావాడిది 1996 నాటిది. అంటే బండి వాడికంటే తొమ్మిదేళ్ళు పెద్దది.

"ఏమండీ, ఇది నేలలో దిగబడిపోయిందేమిటి?" అంది మా ఆవిడ. నిజమే. బండి పొట్ట నేలకి జానెడు ఎత్తున ఉంది. చక్రాలు సగం రెక్కల్లో దూరిపోయాయి. గర్భిణి మేక కూర్చున్నట్టుంది.

"దిగబడలేదు అమ్మమ్మా, కావాలని దింపారు. కిందికి ఉండటమే దీని అందం" అన్నాడు మనవడు గర్వంగా. రెండు వేసవుల పాటు ఓ కొట్లో పనిచేసి కూడబెట్టుకున్న డబ్బుతో కొన్నాట్ట. వాడికి ముందున్న ఆసామీ ఎవరో దాన్ని అలా కుంగదీశాడు.

ఇంట్లోకి వెళ్ళాక తెలిసింది, కుంగింది బండి ఒక్కటే కాదని. తండ్రీ కొడుకుల మధ్య మాటలు లేవు. పోట్లాటేమీ జరగలేదు. అది జరిగినా బాగుండేది. రాత్రి భోజనాల దగ్గర మా అల్లుడుగారు ఎదురుగా కూర్చున్న కొడుకుని చూడకుండా భార్యతో, "వాడు పెరుగు వేసుకుంటాడేమో కనుక్కో" అన్నారు. మనవడు తల్లివైపు తిరిగి, "వద్దని చెప్పమ్మా" అన్నాడు. మధ్యలో మా అమ్మాయి ఇటు నవ్వుతూ, అటు నవ్వుతూ పెరుగుగిన్నె పట్టుకుని నించుంది. రెండు నెలల నుంచి ఇదే వరసట.

"చదువుకునే కుర్రాడికి ఆ బండేమిటి మామయ్యగారూ? ఇంటిముందు అది ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు అల్లుడుగారు నాతో విడిగా. ఆ నలుగురూ ఎవరో గానీ, బెజవాడ నుంచి శాన్‌హోజే దాకా వాళ్ళే ఉన్నారు.

ఓ ఆదివారం మనవడు వాళ్ళ అమ్మమ్మని ఆ బండిలో గుడికి తీసుకువెళ్ళాడు. తిరిగొచ్చి ఆవిడ నడుం పట్టుకుని సోఫాలో వాలిపోయింది. "చిన్నప్పుడు మా ఊళ్ళో ఎక్కిన ఒంటెద్దు బండి నయం. రోడ్డుమీద గీత గీసి ఉంటే చాలు, ఢక్కుమని ఎగిరిపడుతోంది" అంది. మనవడి మొహం చిన్నబోయింది. తండ్రి అన్నమాట వాడికి తగల్లేదు గానీ అమ్మమ్మ నడుంనొప్పి తగిలింది. "ముందు షాకులు పోయాయి తాతయ్యా. కొత్తవి కొన్నాను. శనివారం నేనే మార్చేస్తాను" అన్నాడు.

ఈ సందర్భంలో నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను జీవితమంతా కాగితాలు నలిపినవాణ్ణే గానీ, మా మేనమామకి బెజవాడలో లారీ ఉండేది. బళ్ళో సెలవులిస్తే నేను ఆ లారీ దగ్గరే. స్పానరు అడిగితే స్పానరూ, గుడ్డ అడిగితే గుడ్డా అందించడం నా ఉద్యోగం. 1961 వేసవిలో ఓరోజు మామయ్య లారీకి జాకీ ఎత్తి, కిందికి దూరి, వెనక కమాను కట్ట విప్పుతున్నాడు. ముందురోజు వాన పడి నేల మెత్తగా ఉంది. జాకీ ఒరిగిపోవడం నేను చూశాను. కేక వెయ్యాలని తోచేలోపల ఇరుసు కిందికి దిగింది. ప్రాణం దక్కింది గానీ మామయ్య ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. తరవాత చాలాకాలం బతికాడు, లారీ కూడా నడిపాడు. కాని ఆ చేత్తో ఆయన అన్నం కలుపుకునే పళ్ళెం పట్టుకున్నప్పుడల్లా నేను తల తిప్పుకునేవాణ్ణి.

శనివారం పొద్దున్నే కాఫీ తాగుతూ కిటికీలోంచి చూస్తే ఏం కనిపించిందంటారు? బండి ఒకవైపు జాకీమీద లేచి ఉంది. మనవడు నేలమీద వెల్లకిలా పడుకుని తల లోపలికి పెడుతున్నాడు. జాకీ తప్ప మరో ఆధారం లేదు. నేను పరుగెత్తాను. ఈ వయసులో పరుగెత్తడమంటే ఏమిటో తోటివారికి తెలుస్తుంది. వెళ్ళి వాడి కాళ్ళు రెండూ పట్టుకుని బయటికి లాగేశాను.

"ఏంటి తాతయ్యా!"

"లే. ముందు లేచి నించో. తరవాత చెబుతా" అన్నాను. గొంతు వణికింది. అప్పుడు మామయ్య వేళ్ళ కథ చెప్పాను. వాడు నా మొహంకేసి చూసి, ఎదురు చెప్పకుండా బండి దింపేశాడు.

ఈ గలాటాకి పక్కింటి పెద్దాయన వచ్చాడు. మెకానిక్కుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. వాళ్ళ తాతలు మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. ఆయన మాత్రం ఆ ఊళ్ళోనే పుట్టాడు. మా విషయం విని లోపలికి వెళ్ళి రెండు ఇనప స్టాండ్లూ, చక్రాల కింద పెట్టే చెక్కదిమ్మలూ, రెండు పలకలూ పట్టుకొచ్చాడు.

"కుంగిన బండితో మొదటి తంటా ఇదే. జాకీ దూరేందుకు చోటుండదు. దాంతో కుర్రాళ్ళు ఎక్కడపడితే అక్కడ ఆనించి ఎత్తేస్తారు" అన్నాడు. ముందు చక్రాల ఎదర పలకలు పరిచి, బండిని నెమ్మదిగా వాటిమీదికి ఎక్కించాడు. ఆ రెండంగుళాల ఎత్తు వచ్చేసరికి జాకీ సుఖంగా లోపలికి వెళ్ళింది. వెనక చక్రాలకి దిమ్మలు అడ్డం పెట్టి, బండి ఎత్తి, ఫ్రేము కింద రెండువైపులా స్టాండ్లు పెట్టి, బరువంతా వాటిమీదికి దింపాడు. తరవాత బండిని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా కుదిపి చూశాడు. "కిందికి దూరకముందే కదపాలి. పడేది ఏదన్నా ఉంటే అప్పుడే పడాలి" అన్నాడు. ఆ మాట మా మామయ్యకి ఎవరైనా చెప్పి ఉంటే!

చక్రం తీశాక ఆయన దీపం వేసి చూపించాడు. ఎస్-10 ముందుభాగంలో చుట్ట స్ప్రింగు నిలబడి ఉంటుంది. దాని కడుపులో షాకబ్సార్బరు ఉంటుంది. మన పాత లారీలకి పట్టీలు దొంతరగా పేర్చిన కమాన్లుండేవి. ఆ పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుని ఊపుని కొంత తామే అణిచేవి. చుట్ట స్ప్రింగుకి ఆ గుణం లేదు. దాన్ని నొక్కి వదిలితే ఊగుతూనే ఉంటుంది.

"చాలామంది షాకు బరువు మోస్తుందనుకుంటారు. మొయ్యదు. బరువు మోసేది స్ప్రింగు. షాకు చేసేదల్లా స్ప్రింగు ఊపుని మింగడం" అన్నాడు. గొట్టంలో నూనె, నూనెలో ముషలకం, ముషలకానికి సన్నని బెజ్జాలు. బండి ఎగిరినప్పుడల్లా ముషలకం కదిలి, నూనె ఆ బెజ్జాల్లోంచి కష్టపడి దూరుతుంది. ఆ కష్టంలో కుదుపు కాస్తా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. "అది పనిచేస్తున్నన్నాళ్ళూ ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. నూనె కారడం మొదలెట్టాకే గుర్తొస్తుంది" అన్నాడు.

అప్పుడే మా అమ్మాయి మా అందరికీ టీ తెచ్చింది. నేను కప్పు అందుకుంటూ దాని మొహం చూశాను. కళ్ళకింద నల్లచారలున్నాయి. అంతకుముందు నెలంతా ఆ ఇంట్లోనే ఉండి నేను చూడలేదు.

ఇంతకీ మావాడి షాకులు ఎందుకు పోయాయి? ఆ స్ప్రింగు అడుగుకొస వేలితో తడిమి చూపించాడు పెద్దాయన. ఫ్యాక్టరీలో చేసిన కొస కాదు, మంటతో కోసిన కొస. బండిని దించడానికి మర్యాదైన మార్గాలున్నాయట. చక్రం బిగించే ఇరుసుముక్కని కొంచెం పైకి జరిపి పోతపోసింది దొరుకుతుంది. అది వేస్తే బండి కిందికి దిగుతుంది గానీ, లోపలి చేతులూ స్ప్రింగూ షాకూ ఎప్పటి కొలతలోనే ఉంటాయి. అప్పుడు మామూలు పొడుగు షాకే చాలు. స్ప్రింగుని పొట్టి చేస్తే కథ వేరు. కిందిచేయి ఎప్పుడూ పైకి లేచే ఉంటుంది. షాకు ఎప్పుడూ సగం పైగా మూసుకుపోయి ఉంటుంది. దానికి కదలడానికి జాగా ఉండదు. చిన్న గుంటకే ముషలకం వెళ్ళి అడుగుకి కొట్టుకుంటుంది. అలా కొట్టుకుని కొట్టుకుని లోపలి కవాటం చెడుతుంది, కడ్డీ చుట్టూ ఉన్న సీలు చిరుగుతుంది, నూనె బయటికొస్తుంది. మావాడి షాకు మొత్తం నూనెతో తడిసి, దుమ్ము పట్టి, పిండిమరలో పడ్డ ఎలకలా ఉంది. ఇనుముకి ఇనుము తగలకుండా ఉండే రబ్బరుముక్క కూడా నలిగి సగం ఊడిపోయింది.

"నువ్వు కొన్నవి చూపించు" అన్నాడు పెద్దాయన. మనవడు డబ్బా తెచ్చాడు. అవి మామూలు బండికి సరిపడే పొడుగువి. "ఇవి బిగిస్తే ఆర్నెల్లకి మీ అమ్మమ్మకి మళ్ళీ నడుంనొప్పి. వెళ్ళి మార్చుకురా. స్ప్రింగు పొట్టిదైతే షాకూ పొట్టిదే కావాలి. ఆ రబ్బరుముక్కలు కూడా కొత్తవి తీసుకో. షాకులు ఎప్పుడూ జతగా మార్చాలి, ఒకవైపుది పోయినా సరే" అన్నాడు. పై నట్లమీద తుప్పు వదిలే నూనె పోసి, "రేప్పొద్దున్న విప్పుదాం" అని వెళ్ళిపోబోయాడు.

నేను ఆపాను. "అసలు బండిని ఇలా కిందికి దించడమెందుకు? చెప్పండి, నా చాదస్తం కొద్దీ అడుగుతున్నాను" అన్నాను.

ఆయన పలకమీద కూర్చున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత సంగతట. కాలిఫోర్నియాలో కుర్రాళ్ళందరికీ బండి వేగంగా పోవాలని పిచ్చి. మెక్సికో నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు మాత్రం కిందికీ, నెమ్మదిగానూ పోవాలనుకున్నారు. కొత్త బండి కొనే స్తోమతు లేదు. ఉన్న పాత బండినే రంగువేసి, తుడిచి, వెనక డిక్కీలో ఇసకబస్తాలు వేసి దింపి, ఆదివారం సాయంత్రం ఊళ్ళో మెల్లగా తిప్పేవారు. తరవాత స్ప్రింగులు కొయ్యడం వచ్చింది. 1958 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం పెట్టారు: బండిలో ఏ భాగమూ చక్రపు ఇనపచుట్టు అడుగుకంటే కిందికి ఉండకూడదని. 1959లో రాన్ అగ్వెరే అనే ఆయన తన కారుకి నూనెపంపులు బిగించి, కావాలంటే పైకి లేచి, కావాలంటే కిందికి దిగేట్టు చేశాడు. చట్టం కనపడితే లేపడం, దాటిపోతే దించడం! 1977లో ఈ బండ్ల కోసమే 'లోరైడర్' అనే పత్రిక ఈ శాన్‌హోజేలోనే పుట్టింది. ఇక్కడి స్టోరీ రోడ్డూ కింగ్ రోడ్డూ కలిసే చోటు ఈ ఊరేగింపులకి పేరుపడ్డది. 2023లో చేసిన కొత్త చట్టంతో ఆ పాత నిషేధం పోయింది. 2024 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

"మా నాన్న ఫ్యాక్టరీలో వారమంతా తల వంచుకుని పనిచేసేవాడు. ఆదివారం ఆ కారులో మమ్మల్ని కూర్చోపెట్టుకుని తిప్పేటప్పుడు మాత్రం తల ఎత్తుకునేవాడు. బండి కిందికి దిగితే మనిషి పైకి లేచేవాడు" అన్నాడాయన.

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో అల్లుడుగారు నించుని ఉన్నారు. ఎంతసేపట్నుంచి విన్నారో తెలీదు. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పని మొదలైంది. కిందిచేయి అకస్మాత్తుగా జారకుండా దానికింద చిన్న జాకీ ఆనించారు. కింద రెండు బోల్టులు సులువుగా వచ్చాయి. పైది వస్తేనా? షాకు కడ్డీ ఫ్రేములోంచి పైకి పొడుచుకుని ఉంటుంది, దానికి నట్టు. నట్టు తిప్పితే కడ్డీ కూడా తిరుగుతుంది. కడ్డీ కొసని ఒకరు బిగించి పట్టుకోవాలి, నట్టుని ఒకరు తిప్పాలి. పక్కింటాయన చేతులకి కీళ్ళనొప్పులు. నా చేతులు సరేసరి, పెన్ను పట్టుకోడానికే మొరాయిస్తున్నాయి. మనవడు ఒంటరిగా రెండు చేతులా రెండు స్పానర్లు పట్టుకుని కుస్తీ పట్టాడు. స్పానరు జారి వేలిముడుకు చెక్కుకుపోయింది. "అమ్మా" అన్నాడు.

పిలిచింది అమ్మని. వచ్చింది నాన్న.

"మామయ్యగారూ, ఆ స్టాండ్లు గట్టివేనా?" అని ముందు నన్ను అడిగారు. కుదిపి చూశామని చెప్పాను. తను కూడా ఒకసారి కుదిపి చూశారు. తరవాత చొక్కా చేతులు మడిచి, కడ్డీ పట్టుకునే స్పానరు అందుకుని, కొడుకువైపు చూశారు.

"ఎటు తిప్పుతున్నావురా? ఎడమకి."

"ఎడమకే నాన్నా."

"ఊఁ, లాగు."

నట్టు కిర్రుమంది. పదిహేను నిమిషాలు పట్టింది. నట్టు ఊడి పాత షాకు కిందికి జారినప్పుడు తండ్రీకొడుకులిద్దరూ ఒక్కసారే "వచ్చేసింది!" అన్నారు. పెద్దాయన పాత షాకుని చేత్తో నొక్కి చూపించాడు. నొక్కితే లోపలికి పోయింది, అంతే, తిరిగి రాలేదు.

కొత్త షాకులో గాలివాయువు కూడా ఉంటుంది గనక దాన్ని అణిచి, పట్టీ వేసి అమ్ముతారు. చోటులో పెట్టాక పట్టీ కొయ్యాలి. మావాడు తొందరపడి ముందే కోశాడు. అది బుసకొట్టినట్టు మెల్లగా లేచి పొడుగైపోయింది. ఇక చూడండి, తండ్రి ఒకవైపూ కొడుకు ఒకవైపూ దాన్ని నేలకి అదిమి పట్టి, మళ్ళీ తాడు కట్టడం! రెండోవైపుకి వచ్చేసరికి ఇద్దరికీ బుద్ధి వచ్చింది. పైన వాషర్లూ రబ్బరు బుష్షులూ వరస తప్పకుండా పేర్చారు. "రబ్బరు కొంచెం ఉబ్బి వాషరంత వెడల్పు అయ్యేదాకా బిగించండి. అంతకు మించి నలిపితే చచ్చిపోతుంది" అన్నాడు పెద్దాయన. అల్లుడుగారు ఆ మాటకి తల ఊపి, ఒక చుట్టు తక్కువే తిప్పారు.

చక్రాలు బిగించి, బండి నేలమీదికి దించి, ముందు బంపరుమీద బరువేసి నొక్కి వదిలాం. ఒక్కసారి లేచి నిలబడిపోయింది. అంతకుముందు నాలుగైదుసార్లు ఊగేది. టైర్లు లోపలి అంచున అరిగి ఉన్నాయి. అది షాకుల తప్పు కాదనీ, బండి దించాక చక్రాల వాలు సరిచేయించకపోవడం వల్లననీ, షాపుకి తీసుకెళ్ళి సరిచేయించమనీ చెప్పి పెద్దాయన స్టాండ్లు పట్టుకుని వెళ్ళబోయాడు. "అవి నాకు అమ్మండి" అన్నారు అల్లుడుగారు. ఆయన నవ్వి, డబ్బు తీసుకోకుండా ఇచ్చేశాడు.

సాయంత్రం మా ఆవిడ మళ్ళీ ఆ బండెక్కి గుడికి వెళ్ళొచ్చింది. పల్లకీలా ఉందని చెప్పదు, ఆవిడ అబద్ధమాడదు. "కుదుపుంది గానీ, నడుం దాకా రావడం లేదు" అంది.

మరి బండంటే అల్లుడుగారికి ఇష్టం కలిగిందా? లేదు. దాన్ని ఇంటిముందు కాకుండా పక్కన పెట్టమని ఇప్పటికీ అంటున్నారట. మావాడు పెట్టనంటున్నాట్ట. వాదించుకుంటున్నారు. నాకు సంతోషంగా ఉంది.

ఎందుకంటే, ఆ రాత్రి భోజనాల దగ్గర మా అల్లుడుగారు అలవాటు కొద్దీ భార్యవైపు తిరిగి, "వాడు..." అని ఆగిపోయారు. కాసేపు పళ్ళెంలోకి చూసుకున్నారు. తరవాత తలెత్తి, "పెరుగు వేసుకోరా" అన్నారు.

గిన్నె పట్టుకుని నించున్న మా అమ్మాయి ఆ గిన్నె బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.